గుగ్గిలం గింజ నుంచి చాక్లెట్ దాకా: మన ఇంద్రియాలు నడిపించిన చరిత్ర

భద్రాచలం నుంచి కొంటా, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రహదారి మీద తోంగ్‌పాల్ అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు ఇది మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాలో ఉండేది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, 2012లో సుక్మా జిల్లా ఏర్పడ్డాక దాని చిరునామా మారింది. ఆ ప్రాంతంలోని కాంగేర్ లోయలో సాల వృక్షాల అడవి, టేకు అడవి కలుసుకుంటాయి. సాల వృక్షాన్నే మనం గుగ్గిలం చెట్టు అంటాం. శాస్త్రీయ నామం షోరియా రోబస్టా. ధూపం వేసే గుగ్గిలం దీని బంకే; దీని ఆకులతో విస్తళ్లు కూడా కుడతారు.

మే, జూన్ నెలల్లో, తొలకరికి కాస్త ముందు, ఈ చెట్ల కాయలు రాలుతాయి. ఒక్కో కాయకు అయిదు రెక్కలు. గాలిలో గిరగిరా తిరుగుతూ నేలకు దిగుతాయి. ఆదివాసులు వాటిని ఏరి, రెక్కలు కాల్చి, పెంకు తీసి, పప్పు అమ్ముతారు. ఆ పప్పులోని కొవ్వు ఎక్కడెక్కడికి పోతుందో తెలుసా? కొంత చాక్లెట్లలోకి, కొంత ముఖానికి రాసుకునే క్రీముల్లోకి! అడవిలో రాలిన గింజకు అంత దూరపు ప్రయాణం ఎలా సాధ్యమైంది? అందులోని పోషక విలువ వల్ల కాదు. మన నాలుకకు, చర్మానికి అది కలిగించే ఒక స్పర్శానుభూతి వల్ల.

నాలుక మీద 34 డిగ్రీలు

చాక్లెట్‌ను మనం ఇష్టపడటానికి తీపి ఒక్కటే కారణమైతే బెల్లం ముక్క చాలు. అసలు రహస్యం అది కరిగే తీరులో ఉంది. 1828లో డచ్ దేశీయుడు వాన్ హౌటెన్ కోకో గింజల నుంచి కొవ్వును పిండి వేరుచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ ఆ కొవ్వునే తిరిగి కోకో పొడికీ, చక్కెరకూ కలిపి అచ్చు పోసి, కొరికి తినే చాక్లెట్ చేసింది. 1879లో స్విట్జర్లాండులో లిండ్ట్ ఆ మిశ్రమాన్ని గంటల తరబడి నూరి, నాలుకకు గరుకు తగలకుండా చేశాడు.

ఈ కొవ్వు పేరు కోకో బటర్. గదిలో గట్టిగా ఉంటుంది, విరిస్తే టక్కుమంటుంది. శరీర ఉష్ణోగ్రతకు కాస్త తక్కువలో, సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గబుక్కున కరిగిపోతుంది. కరగడానికి కావలసిన వేడిని నోటి నుంచే తీసుకుంటుంది కాబట్టి నాలుకకు చిన్న చల్లదనం తగులుతుంది. నెయ్యి అలా కాదు. అందులో రకరకాల కొవ్వులుండటం వల్ల కొంత ముందు, కొంత వెనుక కరుగుతుంది. కోకో బటర్‌లో మాత్రం ఒకే పోలిక గల మూడు ట్రైగ్లిజరైడ్లదే పైచేయి. వాటి అణువులకు రెండు చివరలా సంతృప్త కొవ్వు ఆమ్లాలు, మధ్యలో ఓలియిక్ ఆమ్లం ఉంటాయి. అందుకే అవన్నీ దాదాపు ఒకేసారి కరుగుతాయి.

ఇది ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదని 1966లో విల్, లటన్ అనే పరిశోధకులు వివరించారు. మెరుపూ, విరిగే చప్పుడూ ఉండేది అయిదో రూపానికే. ఎండకు కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తుంది కదా! అది బూజు కాదు, స్ఫటికాల అమరిక మారిన కొవ్వు. తింటే ప్రమాదం లేకపోయినా చాలామంది పారేస్తారు. నోరు రుచి చూడకముందే కన్ను తీర్పు చెప్పేసిందన్నమాట.

ఇష్టాన్ని కొలవడం ఎలా?

‘బాగుంది’, ‘బాగోలేదు’ అనే మాటలను అంకెల్లో పెట్టవచ్చా? రెండవ ప్రపంచ యుద్ధం నాటికి ఈ ప్రశ్న అత్యవసరమైంది. లెక్క ప్రకారం పోషకాలన్నీ ఉన్నా, సైనికుడు తినకుండా వదిలేసిన ఆహారం వల్ల ప్రయోజనం ఏమిటి? అమెరికా సైన్యపు ఆహార పరిశోధనశాలలో డేవిడ్ పెర్యామ్, ఆయన సహచరులు తొమ్మిది మెట్ల కొలబద్దను రూపొందించి 1950లలో ప్రచురించారు. ‘అమితంగా ఇష్టం’ నుంచి ‘అమితంగా అయిష్టం’ దాకా తొమ్మిది మెట్లు; నడుమ ‘ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు’. నేటికీ ఆహార పరిశోధనశాలలలో ఈ కొలబద్ద వాడుకలో ఉంది.

మరో పద్ధతి 1940లలో డెన్మార్కులోని కార్ల్స్‌బెర్గ్ బీరు పరిశోధనశాలలో పుట్టింది. మూడు నమూనాలు ఇస్తారు. రెండు ఒకటే, ఒకటి వేరు. ఆ వేరేదాన్ని గుర్తించాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి, అంతకంటే ఎంత ఎక్కువగా సరిపోయిందో గణితశాస్త్రంతో తేలుస్తారు. దీన్ని త్రిభుజ పరీక్ష అంటారు. 1963లో అలీనా షెస్నియాక్ ‘కరకరలాడటం’, ‘జిగురు’, ‘మెత్తదనం’ వంటి స్పర్శ లక్షణాలను వర్గీకరించింది. ఇలా నాలుక, ముక్కు, వేళ్లు కూడా కొలత సాధనాలయ్యాయి.

పోలిక కోసం వేట

కోకో ఖరీదైన పంట. దాని ధర ఎప్పుడు ఎటు పోతుందో చెప్పలేం. అందుకని 1950లలో యూరప్ పరిశ్రమలు కోకో బటర్‌లాగే కరిగే మరో కొవ్వు కోసం అడవుల వైపు చూశాయి. అలా దృష్టికి వచ్చినవాటిలో సాల గింజ ఒకటి. దాని కొవ్వులో స్టియరిక్ ఆమ్లం 44 శాతం దాకా, ఓలియిక్ ఆమ్లం సుమారు 40 శాతం ఉంటాయి. అణువుల అమరికలోనూ కోకో బటర్‌కు దగ్గరి చుట్టమే.

కానీ ఇంద్రియాలు దీన్ని నేరుగా ఒప్పుకోవు. పచ్చి సాల కొవ్వు పత్రహరితం వల్ల ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. పచ్చటి కొవ్వు పోసిన మిఠాయిని ఎవరు కొంటారు? 2001లో ఫ్రాన్సులో తెల్ల ద్రాక్షసారాయికి ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇస్తే, వారు దాని వాసనను ఎర్ర సారాయికి వాడే మాటలతోనే వర్ణించారు. రంగుకు అంత బలం ఉంది! అందుకే సాల కొవ్వును ప్రత్యేకమైన మట్టితో వడగట్టి రంగు తీస్తారు. శూన్యంలో ఆవిరి పంపి వాసన తీస్తారు.

ఇంకో చిక్కు కంటికి కనిపించనిది. సాల కొవ్వులో డైహైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం గల ట్రైగ్లిజరైడ్లు కొద్దిగా ఉంటాయి. అవి గడ్డకట్టే తీరును చెడగొడతాయి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎస్. యెల్లారెడ్డి, జె.వి. ప్రభాకర్ 1980లలో ఈ ప్రభావాన్ని అధ్యయనం చేశారు. కొవ్వును భాగాలుగా విడదీస్తే ఈ దోషం తగ్గుతుంది.

అయితే ఏ శుద్ధి యంత్రమైనా గింజ బాగుంటేనే పనిచేస్తుంది. సాల గింజ రాలిన వారం రోజుల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. వాన తగిలితే వెంటనే మొలకెత్తుతుంది. మొలకెత్తితే కొవ్వు విచ్ఛిన్నమై ఆమ్లత పెరుగుతుంది. కాబట్టి తొలకరి పడేలోగా ఏరి, ఆరబెట్టి తీరాలి. ఎక్కడో ఒక నాలుక కోరే నునుపు, బస్తర్‌లో ఏరేవారి పనిదినాలను నిర్ణయిస్తోంది!

చర్మానిదీ అదే తీర్పు

చర్మం పైభాగపు ఉష్ణోగ్రత మామూలుగా 32 నుంచి 34 డిగ్రీలు. డబ్బాలో గట్టిగా ఉండి, వేళ్ల మధ్య కరిగే కొవ్వు చర్మానికీ అంతే ఇంపు. సాల గింజల కొవ్వు సౌందర్య సాధనాల్లో చేరడానికి ఇదే కారణం. లిప్‌స్టిక్ పరీక్ష మరీ కఠినం: చేతిసంచిలో కరగకూడదు, పెదవి మీద మాత్రం మెత్తబడాలి. క్రీమును పరీక్షించేవారు రాసేటప్పుడు ఎంత జారింది, ఎంతసేపట్లో ఇంకింది, తర్వాత జిడ్డు మిగిలిందా అని విడివిడిగా మార్కులు వేస్తారు. గమనించండి: చర్మంలో తేమ నిలిచిందో లేదో తేలడానికి గంటలు పడుతుంది. కొనేవారి మనసు మాత్రం అరచేతిలో రాసుకున్న తొలి క్షణాల్లోనే మొగ్గుతుంది.

డాల్డా నేర్పిన పాఠం

ఇంద్రియాలను అనుకరించగలిగినప్పుడు మోసం కూడా సులభమవుతుంది. 1937లో మన దేశంలో డాల్డా పేరుతో వనస్పతి వచ్చింది. నెయ్యిలాగే తెల్లగా, పూసకట్టి కనిపించే ఆ కొవ్వును నెయ్యిలో కలిపితే నాలుక పట్టలేకపోయింది. ప్రభుత్వం ఒక చక్కని ఉపాయం చేసింది. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని చట్టం నిర్దేశించింది. నువ్వుల నూనెకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ చేరిస్తే ఎర్రబడుతుంది. దీనికి బోడోయిన్ పరీక్ష అని పేరు. నాలుక ఓడిన చోట పరీక్షనాళిక సాక్ష్యం చెప్పింది.

సాల కొవ్వుకూ కట్టుబాట్లు వచ్చాయి. బేకరీ, మిఠాయి తయారీలకే, అదీ శుద్ధి చేశాకే, లేబుల్ మీద ప్రకటనతోనే అమ్మాలని మన ఆహార నిబంధనలు చెప్పాయి. యూరప్‌లో ‘కోకో బటర్ కాని కొవ్వు కలిస్తే అది చాక్లెట్టేనా?’ అనే తగాదా 1973 నుంచి సాగింది. చివరికి 2000లో ఆరు వృక్ష కొవ్వులను 5 శాతం వరకు అనుమతించారు. వాటిలో సాల, కోకం, మన మామిడి టెంకలోని జీడి కూడా ఉన్నాయి. అయితే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి.

2024లో అంతర్జాతీయ విపణిలో టన్ను కోకో ధర 10,000 డాలర్లు దాటింది. సాల గింజలకు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర 2020 నాటికి కిలోకు 20 రూపాయలు. రెండూ ఒకే సరుకు కావు. సాల గింజను ఎంతో శుద్ధి చేయాలి. అయినా ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఏ నాలుకా రుచి చూడలేదు. మన ఇంద్రియాలు అనుభూతిని చెబుతాయే తప్ప అది ఎక్కడిదో, ఎవరి శ్రమో చెప్పవు. వాటిని తెలుసుకోవాలంటే చట్టం, పరీక్ష, లేబుల్ కావాలి. వాటిని చదివే అలవాటూ ఉండాలి.

ఇంట్లోనే త్రిభుజ పరీక్ష చేసి చూడండి. రెండు కంపెనీల బిస్కెట్లు తీసుకుని, మీ స్నేహితుడి కళ్లకు గంతలు కట్టి, మూడు ముక్కలు ఇవ్వండి. వేరేది ఏదో అడగండి. పదిమందితో చేయించి సరైన జవాబులు లెక్కపెట్టండి. ఆ తరువాత రెండు పొట్లాల వెనుక చిన్న అక్షరాల్లో ఏ కొవ్వు రాసి ఉందో చదవండి.