గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్

గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్ (జీఎన్‌ఆర్‌హెచ్) మెదడులోని హైపోథాలమస్‌లో తయారై, పునరుత్పత్తి వ్యవస్థను నడిపించే పెప్టైడ్ హార్మోన్. క్షీరదాలలో ఇది 10 అమైనో ఆమ్లాల గొలుసు. పిట్యూటరీ గ్రంథి చేత ల్యూటినైజింగ్ హార్మోన్ (ఎల్‌హెచ్), ఫాలికల్ స్టిమ్యులేటింగ్ హార్మోన్ (ఎఫ్‌ఎస్‌హెచ్)లను విడుదల చేయిస్తుంది. వాటి ప్రభావంతో అండాశయాలు, వృషణాలు పనిచేస్తాయి.

ఆండ్రూ షాలీ బృందం పందుల మెదళ్ల నుంచి, రోజర్ గిల్లెమిన్ బృందం గొర్రెల మెదళ్ల నుంచి దీన్ని విడివిడిగా వేరుచేశాయి. ఒక్కో మెదడులో లభించేది అత్యల్పం కావడంతో లక్షల మెదళ్ల నుంచి కణజాలాన్ని సేకరించవలసి వచ్చింది. దీని నిర్మాణం 1971లో తేలింది. 1977 వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం వీరిద్దరికీ, మిగతా సగం హార్మోన్లను కొలిచే రేడియోఇమ్యునోఅస్సే పద్ధతికి గాను రోజలిన్ యాలోకూ దక్కింది.

ఈ హార్మోన్ ఎంత విడుదలవుతుందన్నదాని కంటే ఏ లయలో విడుదలవుతుందన్నదే కీలకం. రక్తంలో ఇది కొద్ది నిమిషాలకే విచ్ఛిన్నమవుతుంది. హైపోథాలమస్ దెబ్బతిన్న రీసస్ కోతులకు ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం దీన్ని గంటకొకసారి విడతగా ఇచ్చినప్పుడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లు తిరిగి స్రవించాయి. ఎడతెగకుండా ఎక్కించినప్పుడు అణగిపోయాయి. 1978లో వెలువడిన ఈ ఫలితం ఎండోక్రైన్ పరిశోధనలో అత్యంత ఫలవంతమైన వాటిలో ఒకటి. ల్యూప్రోలైడ్ వంటి కృత్రిమ రూపాలతో ప్రోస్టేట్ క్యాన్సర్, ఎండోమెట్రియోసిస్, అకాల యౌవనారంభాలకు చేసే చికిత్సకు ఆధారం ఈ అణచివేతే.

చేపల హేచరీలలోనూ ఈ హార్మోన్ ఉపయోగపడుతుంది. అక్కడ సాల్మన్ రకం జీఎన్‌ఆర్‌హెచ్ అనలాగ్‌ను (కృత్రిమ రూపాన్ని) డోంపెరిడోన్‌తో కలిపి బొచ్చె, శీలావతి తల్లిచేపలకు ఇంజెక్షన్‌గా ఇస్తారు. చేపలలో డోపమైన్ ఎల్‌హెచ్ విడుదలను అడ్డుకుంటుంది. డోంపెరిడోన్ ఆ అడ్డు తొలగించడంతో చెరువులో పెరిగిన చేపలు కూడా గుడ్లు విడుస్తాయి.