చెంచు తాతల జాడ ఏ కాగితంలో?

అమెరికాలో చెరోకీలు తమ పూర్వీకుల జాడ తీయాలంటే పాత జాబితాలు తిరగేస్తారు. 1838–39లో సైన్యం వాళ్లను సొంత నేల మీంచి పడమటికి తరిమింది. అంతకుముందే, 1835లో, ప్రభుత్వం ఇంటింటి లెక్క రాసుకుంది. తరవాత భూములు పంచేటప్పుడు డాస్ జాబితా వచ్చింది. తరిమినవాళ్లు రాసుకున్న లెక్కే ఇవాళ మునిమనుమలకు వంశవృక్షం. నల్లమల చెంచులను అలా ఒక్క పెట్టున తరమలేదు. తరాల తరబడి, కొంచెం కొంచెంగా జరిపారు. కాబట్టి ఒకే పెద్ద జాబితా లేదు. ఉన్నవి ముక్కలు. ఒక్కో ముక్కలో కుటుంబమంటే ఒక్కో అర్థం.

నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది, 2016 నుంచి నాగర్‌కర్నూల్‌ది. దిగువ అమ్రాబాద్‌లో రైతులు, లంబాడీలు అడవి కొట్టి సేద్యం పెట్టాక అక్కడి చెంచులు కొందరు వాళ్ల పశువులు కాస్తూ ఊరంచున మిగిలారు. హుకుం లేని కదలిక కనుక ఏ దఫ్తరుకూ ఎక్కలేదు.

ఎగువ అడవికి 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ వచ్చారు. ఆయన ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో బ్రిటిష్‌వాళ్లు శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి నైజాం రాజ్యం దాటి పోనివ్వలేదు. ఆ కట్టడే చెంచులకు కలిసొచ్చిందనాలి. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం లేకపోతే పెంటల్లో ఇంటి బతుకు ఎట్లుండేదో రాతలో ఇంత వివరంగా దొరికేది కాదు. నాలుగైదు గుడిసెలు ఒక పెంట. కొత్త జంట మొగుడి పెంటలోనే ఉండాలన్న కట్టుబాటు లేదు, ఆలి తరఫువాళ్ల దగ్గరికీ పోవచ్చు. అక్కడి అడవిలో గడ్డలు తవ్వుకునే హక్కు వాళ్లకూ వస్తుంది. గడ్డలు తవ్వే కర్ర ఆడవాళ్ల చేతిలోనూ ఉంటుంది కాబట్టి తిండికి మగవాడి మీద ఆధారపడే పని లేదు, పొసగకపోతే విడిపోవడం పెద్ద తంతు కాదు. కొండచరియకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు కాపు కాసేది బావమరిది. అక్క తాళి తెగే పని వాడు చేయడని నమ్మకం. నిమ్మల, చిగుర్ల, తోకల, మండ్లి వంటి ఇంటిపేర్లవాళ్లు తమ ఇంటిపేరులో పిల్లనివ్వరు, తెచ్చుకోరు. అందువల్ల ఏ ఇంటి చుట్టరికమైనా నాలుగు పెంటలకు పాకి ఉంటుంది. తండ్రి పేరొక్కటి పట్టుకుని పైకి ఎక్కాలని చూస్తే సగం వంశం తప్పిపోతుంది.

కృష్ణ అవతల, కర్నూలు వైపు, అదే చెంచులను మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద పోలీసు నిఘాలో పెట్టింది. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. అక్కడి పెద్దచెరువులో పెంటల నుంచి చాలామందిని ఒకచోట చేర్చాక కొట్లాటలు పెరిగాయని హైమండార్ఫ్ గమనించాడు. విడిగా పోయి సర్దుకునే మనుషులను పక్కపక్కన కట్టేస్తే ఇంకేం జరుగుతుంది? ఆయన సలహా మీద నైజాం సర్కారు అమ్రాబాద్‌లో సుమారు లక్ష ఎకరాలు చెంచులకని కేటాయించింది.

అది నిలవలేదు. వెదురు కంట్రాక్టులు వచ్చాయి. 1975లో చెంచులను ఆదిమ తెగగా గుర్తించారు, పథకాలతో పాటు వరస ఇళ్ల కాలనీలూ వచ్చాయి. 1983లో శ్రీశైలం–నాగార్జునసాగర్ పులుల అభయారణ్యం ప్రకటించారు. పేరులో పెంట ఉన్నా, కృష్ణ ఒడ్డున ఈగలపెంట ఇప్పుడు జలవిద్యుత్ ఉద్యోగుల కాలనీగానే నలుగురికీ తెలుసు.

ఇప్పటి జాబితా పులుల సంరక్షణ పునరావాసానిది. 2008లో కుటుంబానికి పది లక్షలు, 2021 నుంచి పదిహేను. సార్లపల్లి, కుడిచింతలబైలు, వటవర్లపల్లి పేర్లు ఈ తరలింపు ప్రతిపాదనల్లో వినిపించినవే. పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకు ఈ లెక్కలో విడి కుటుంబం, పెళ్లికాని కూతురూ అంతే. వితంతువుకూ విడాకులు తీసుకున్న స్త్రీకీ వేరే వాటా. ఇది మేలైన నిబంధనే, ఎక్కువమందికి డబ్బు అందుతుంది. కానీ తాడు పట్టే బావమరిదికి దీంట్లో గడి లేదు. వాడు ఇంకో పెంటలో ఇంకో వరసలో ఉంటాడు. ఒకరు డబ్బు తీసుకుని మైదానానికి దిగి, ఇంకొకరు అడవిలో మిగిలితే ఆ చుట్టరికం తెగినట్టు ఏ రిజిస్టరూ చెప్పదు.

దీనికి ఎదురుగా 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబర్ 13 నాటికి అడవిలో ఉన్న గిరిజనులు హక్కు అడగొచ్చు. 2008 నిబంధనల్లో సాక్ష్యాల పట్టిక చదివితే ఆశ్చర్యమేస్తుంది: పెద్దల మాటను కాగితం మీద పెడితే చెల్లుతుంది, శ్మశానాలు, దేవుళ్ల తావులు చెల్లుతాయి, పాత రికార్డుల్లోని మనుషుల దాకా గీసిన వంశావళి కూడా చెల్లుతుంది. ఆ వంశావళిని తల్లి వైపూ బావమరిది వైపూ గీయకూడదని నిబంధన ఎక్కడా అనలేదు. దరఖాస్తులు రాయించే కార్యకర్తలు మొదట అడగాల్సింది తండ్రి పేరు కాదు, అమ్మ ఏ పెంట నుంచి వచ్చిందని.