వేగమునకుఁ గావలి

మొన్న మా యూరి రచ్చబండకడ నొక యర్జీ సిద్ధమైనది. బడివీధిలో మోటారు సైకిళ్లు మితిమీఱిన వేగమునఁ బోవుచున్నవి గాన నచట నొక పోలీసును కాపుంచవలెనని దాని సారాంశము. పంతులుగారి వ్రాఁత బాగుండునని కలము నాచేతి కిచ్చిరి. వ్రాయుచుండఁగా నాకు బ్రిటను దేశపుఁ గథ యొకటి స్ఫురించెను. దానినే నేఁడు మనవి చేయుదును.

ఆ దేశమున 1865లో నొక చట్టము పుట్టెను. గుఱ్ఱములు లేక యంత్రబలముచే రోడ్డుపై నడచు బండి గంటకుఁ బల్లెపట్టున 4 మైళ్లు, పట్టణమున 2 మైళ్లు మించి పోరాదు. బండికి మువ్వురు మనుష్యు లుండవలెను. అం దొకఁడు ఎఱ్ఱజెండా పట్టుకొని 60 గజముల ముందుగాఁ గాలినడకను సాగవలెను. మన యెడ్లబండి దానికంటె ముందే సంతకుఁ జేరును! 1878లో జెండా నియమము సడలినది. 1896లోఁ దేలికబండ్లకు ఆ నడచు మనిషియు నక్కఱలేకపోయెను; వేగము 14 మైళ్ల వఱకు హెచ్చెను. 1903 నాఁటి చట్టము దానిని 20 మైళ్లు చేసి, బండ్లకు నంబరు పలకలు తగిలించెను.

ఇఁక వినోదము వినుఁడు. పోలీసులు పొదలచాటున నిలిచి, కొలిచి యుంచిన దూరమును బండి యెంతసేపటిలో దాఁటెనో గడియారముతో లెక్కించి జరిమానా వేయించుచుండిరి. దీనికి విరుగుడుగా మోటారువారు 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనిరి. ఆ సంఘపు భటులు సైకిళ్లపైఁ దిరుగుచు, ముందు పోలీసు లున్నారని బండివారిని హెచ్చరించుచుండిరి. వేగముగ వచ్చువానికి అట్లు తెలుపుట పోలీసుల పనికి అడ్డుపడుటయే యని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతట వారు చేసిన యుపాయము చూడుఁడు. సంఘపు చిహ్నము గల బండి కనఁబడఁగానే భటుఁడు సలాము చేయును. సలాము చేయలేదా, బండి యాపి కారణ మడుగవలెను. ఊరకుండుట నేరము కాదు గదా! ఇంతటి తెలివియు పోలీసు కన్ను గప్పుటకే చెల్లిపోయెను. రోడ్డు దాఁటు బిడ్డ మాట యెవరికిఁ దోఁచినదో కాని! ముప్పదియేండ్లకు మించి బడిపంతులనై యుంటిని. నా చెప్పుల చప్పుడు వినఁబడినంతనే సద్దుమణఁగు తరగతిని నే నెఱుఁగుదును. ఆ చప్పుడు దూరమైన పిమ్మట నేమగునో అదియు నెఱుఁగుదును.

తుదకు, ఎవరును బాటింపని హద్దేల యని, 1930 చట్టముచేఁ గార్లకు వేగపు హద్దునే తీసివేసిరి. అజాగ్రత్తగ నడపినవానికి మాత్రము శిక్ష. 1931లో మార్గమర్యాదలు దెలుపు చిన్నపుస్తక మొకటి ప్రకటించిరి. పెద్దమనుష్యులని నమ్మి విడిచిరన్న మాట. 1934లో నా దేశపు రోడ్లపై మృతులైనవారు 7,343 మంది. మఱుసటి యేఁట జనవాసములందు 30 మైళ్ల హద్దు మరల వచ్చెను. క్రొత్తగా బండి నడుపఁగోరువారికిఁ బరీక్షయు నేర్పడెను. మరణములు కొంత తగ్గెను.

కావున పోలీసు వలదని నే ననను. కాని యాతఁడు మా బడివీధిలో దినమున కెన్ని గడియలు నిలువఁగలఁడు? అచట వేగముగఁ బోవువారు పరదేశులా? మా యిండ్ల కుఱ్ఱలే. ఏ బండి యెవరిదో చప్పుడుచేతనే మాకుఁ దెలియును.

అర్జీ ముగించి చేవ్రాలు చేసితిని. తక్కిన పెద్దలును జేసిరి. అందఱము లేచుచుండఁగా నొక మోటారు సైకిలు బడివీధి వెంబడి దుమ్ము రేపుకొనుచు దూసికొనిపోయెను. అది యెవరిదని యెవ్వరు నడుగలేదు. నా మొగము చూచి యూరకుండిరి. దానిపై మా మనుమఁడు పొలమునకుఁ బోవుచుండెను. ఆ రాత్రి వాఁడు భోజనమునకుఁ గూర్చుండఁగా, అర్జీ మాట యెత్తక, ముందుగా బండి తాళపుచెవి యిమ్మని చేయి చాఁచితిని.