లోగుట్టు చెప్పే యంత్రం

శుక్రవారం నాడు మన కుందారపల్లి సంతకు వెళ్ళినవారు ఈ దృశ్యం చూచియే ఉంటారు. బేరగాడు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, మూపు తడుముతాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. దాని వయస్సు, సత్తువ చెప్పేస్తాడు. కుండ కొనబోయిన ఇల్లాలు దానిని వేలి కణుపుతో తట్టి చూస్తుంది. ఖంగున మ్రోగితే తీసుకుంటుంది, లేకుంటే పగులున్నదని ప్రక్కన పెడుతుంది. పగలగొట్టకుండా లోపలి సంగతి తెలుసుకొనే ఈ విద్యనే మన దేశపు శాస్త్రజ్ఞులు లోహాల మీద, ద్రవాల మీద ప్రయోగించినారు. అక్కడ తట్టే వేలు న్యూట్రాను. వచ్చే జవాబును వినే చెవి న్యూట్రాను స్పెక్ట్రోమీటరు అనే యంత్రం.

ఈ ఉగాది సంచికలో ఆ యంత్రాల చరిత్రను మన కుటుంబాలకు చెప్పదలచినాను. ఎందుకనగా అది సిద్ధాంతాల చరిత్ర మాత్రమే కాదు, లేతు మిషను పట్టిన చేతుల చరిత్ర కూడా. హోసూరు కర్మాగారాలకు పనికి వెళ్ళే మనవారికి అది పరాయి కథ కాదు.

న్యూట్రానును 1932లో ఇంగ్లండులో జేమ్స్ చాడ్విక్ కనుగొన్నాడు. భీమవరం ప్రాంతంలోని గొరగనమూడిలో పుట్టిన మన స్వామి జ్ఞానానంద తరువాత లివర్‌పూలులో ఆ చాడ్విక్ వద్దనే పరిశోధన చేసినారు. స్వదేశం వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యూక్లియర్ భౌతిక శాస్త్రానికి పునాది వేసినారు. న్యూట్రానుకు విద్యుదావేశం లేదు. కావున దానిని ఎలక్ట్రానుల మేఘం అడ్డగించదు. కొన్ని సెంటీమీటర్ల మందం గల ఉక్కులో కూడా దూరిపోతుంది. రియాక్టరులో పుట్టిన న్యూట్రాన్లు మహావేగంతో ఉంటాయి. నీటిలోనో భారజలంలోనో ఢీకొని ఢీకొని నెమ్మదించి, సెకనుకు సుమారు 2,200 మీటర్ల వేగానికి దిగుతాయి. అప్పుడు వాటి తరంగ దైర్ఘ్యం సుమారు 1.8 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రాము అనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు. పదార్థంలో పరమాణువుకు, పరమాణువుకు మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే. అందుచేతనే న్యూట్రాను ఆ దూరాలను కొలవగలదు. ఎక్స్‌రే కిరణాలకు సరిగా కనిపించని హైడ్రోజన్ దీనికి బాగా కనిపిస్తుంది. పైగా న్యూట్రాను తానే ఒక చిన్న అయస్కాంతం. లోహం లోపలి అయస్కాంత అమరికను కూడా చెప్పగలదు.

అమెరికాలోని ఓక్‌రిడ్జిలో ఎర్నెస్ట్ వోలన్, క్లిఫర్డ్ షల్ అనేవారు రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఈ పద్ధతితో పరమాణువుల స్థానాలు గుర్తించసాగినారు. కెనడాలోని చాక్ రివర్‌లో బెర్‌ట్రమ్ బ్రాక్‌హౌస్ ఆ పరమాణువుల కదలికలను కొలిచే యంత్రాన్ని 1950లలో నిర్మించినాడు. షల్, బ్రాక్‌హౌస్‌లకు నోబెల్ బహుమతి 1994లో గాని రాలేదు. వోలన్ 1984లోనే గతించినాడు. నాటిన చెట్టు నీడ అందరికీ దక్కదు గదా!

బ్రాక్‌హౌస్ యంత్రానికి మూడు ఇరుసులు. మొదటి ఇరుసుపై ఒక స్ఫటికం ఉంటుంది. రియాక్టరు గోడ రంధ్రం గుండా వచ్చే న్యూట్రాన్లలో ఒకే వేగం గలవాటిని అది ఏరి పంపుతుంది. రెండవ ఇరుసుపై పరీక్షించవలసిన పదార్థం. దానిని తాకిన న్యూట్రాను లోపలి పరమాణువుల కంపనానికి కొంత శక్తిని ఇచ్చి గాని, దాని నుండి కొంత పుచ్చుకొని గాని చెదరిపోతుంది. మూడవ ఇరుసుపై మరొక స్ఫటికం, చెదరివచ్చిన దాని వేగమెంతో తేలుస్తుంది. రాకకు, పోకకు మధ్య తేడాయే పదార్థం చెప్పే జవాబు. వినడానికి సులభమే. కాని లెక్కించే గొట్టం చుట్టూ దారితప్పిన న్యూట్రాన్లు చొరబడకుండా పారఫిన్, బోరాన్‌లతో బరువైన తొడుగు వేయాలి. అంత బరువు గల చేయి నునుపుగా తిరగాలి. తిరిగిన కోణం డిగ్రీలో చిన్న భాగం వరకు సరిగా తెలియాలి. బరువు బండంత, కొలత వెంట్రుకంత! ఇది పుస్తకంతో అయ్యే పని కాదు, వర్కుషాపుతో అయ్యే పని.

ఇక మన కథ. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు పని మొదలుపెట్టినది. మనవారే కట్టినారు, ఇంధనం మాత్రం బ్రిటన్ నుండి వచ్చినది. 1960లో వచ్చిన సైరస్ కెనడా సహాయంతో కట్టినది, దాని భారజలం అమెరికాది. తిరునెల్వేలిలో పుట్టిన పి. కె. అయ్యంగార్ చాక్ రివర్ వెళ్ళి బ్రాక్‌హౌస్‌తో కలసి జెర్మేనియం పరమాణువుల కంపనాలను కొలిచినాడు. ఆ వ్యాసం 1958లో వెలువడినది. స్వదేశం తిరిగి వచ్చి, ఇక్కడి యువకులను కూర్చుకొని, స్పెక్ట్రోమీటర్లను ట్రాంబేలోనే తయారు చేయించినాడు. రియాక్టరుకు పరాయి సహాయం తీసుకున్నాము గాని, ప్రశ్న అడిగే యంత్రాన్ని మాత్రం మన చేతులతోనే చేసుకున్నాము. నా దృష్టిలో ఈ చరిత్రకు ఇదే ఆయువుపట్టు.

ఫలితం త్వరలోనే కనిపించినది. 1960ల నడుమ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పూనికతో, భారతదేశం ఫిలిప్పీన్సుకు ఒక న్యూట్రాను స్పెక్ట్రోమీటరును ఇచ్చి, దానిపై పనిచేయడం నేర్పడానికి మన శాస్త్రజ్ఞులను పంపినది. పదేళ్ళ క్రితం నేర్చుకొనబోయిన వారు అప్పటికే నేర్పేవారైనారు.

మరొక ముచ్చట. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో బోధించిన అనీసుర్ రహమాన్ అమెరికాలోని ఆర్గాన్ పరిశోధనశాలలో చేరి, 1964లో 864 ఆర్గాన్ పరమాణువులు ద్రవంలో ఎట్లు తిరుగాడునో కంప్యూటరుతో లెక్కకట్టినాడు. మరుసటి సంవత్సరమే ట్రాంబే నుండి దాసన్నాచార్య, కె. ఆర్. రావు ద్రవ ఆర్గాన్‌పై తాము చేసిన న్యూట్రాను కొలతలు ప్రకటించినారు. ఒకరిది గణితం, ఒకరిది యంత్రం; ప్రశ్న మాత్రం ఒక్కటే.

ఈ కథలో దాచరాని మాట ఒకటి ఉన్నది. పరమాణువుల కంపనాలను విన్న సైరస్‌లోనే 1974 పోఖ్రాన్ పేలుడుకు వాడిన ప్లుటోనియం కూడా తయారైనది. ఆ పనిలో అయ్యంగార్‌కు ముఖ్యపాత్ర కలదు. దానితో కెనడా సహకారం తెగిపోయినది. పొయ్యి ఒకటే, వండినది మాత్రం రెండు విధాలు. ఆ తెంపు వలన మనవారు మరింతగా తమ చేతులనే నమ్ముకొనవలసి వచ్చినది. 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరు 1985లో వెలిగినది, దాని చుట్టూ కొత్త న్యూట్రాను యంత్రాలు నిలిచినవి. సైరస్ 2010 చివర మూతపడినది. యూజీసీ–డీఏఈ కన్సార్షియం ద్వారా నేడు విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా తమ పదార్థాలను ధ్రువకు తెచ్చి పరీక్షింపవచ్చును.

దీనివల్ల మనకేమి అని ఇంటి పెద్దలు అడుగవచ్చు. అతుకు పెట్టిన ఉక్కులో దాగిన బిగువు ఎక్కడున్నదో, బ్యాటరీలో లిథియం ఎట్లు కదులుతున్నదో న్యూట్రాను చెప్పగలదు. వాహనాలు తయారయ్యే హోసూరుకు ఇంతకంటె దగ్గరి సంగతి ఏమున్నది?

లోగుట్టు పెరుమాళ్ళకెరుక అని మన పెద్దలన్నారు. కొంత లోగుట్టు నునుపుగా తిరిగే ఒక ఇరుసుకు కూడా ఎరుకే. ఇంట్లో పిల్లవాడు ఐటీఐలో చేరితే చదువు అబ్బలేదని చిన్నబుచ్చవద్దు. పిల్ల భౌతిక శాస్త్రం చదువుతానంటే ఎందుకని ఆపవద్దు. ఆ ఇద్దరూ ఒక బల్ల వద్ద కూర్చున్ననాడే ట్రాంబేలో ఆ యంత్రం తయారైనది. ఈ కొత్త సంవత్సరంలో మన ఇండ్లలోనూ ఆ ఇద్దరూ ఒక పంక్తిన కూర్చుందురు గాక!