పేరులేని బొమ్మల్లోంచి పుట్టిన రాక్షసులు

పాశమైలారం, బొల్లారం షెడ్లలో ఇనుముతో బతికేవాళ్లకు తుప్పు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో మిషను తుడిచి నూనె రాయకుండా వెళ్లిపోతే తెల్లారేసరికి ఎర్రమరక పైకి తేలుతుంది. ఆ భయానికే కాళ్లూ మీసాలూ పెట్టి ఆటలోకి వదిలినవాడు గ్యారీ గైగాక్స్ అనే అమెరికన్. ఆ జీవి పేరు రస్ట్ మాన్‌స్టర్. దాని మీసం తగిలిందంటే కత్తయినా, కవచమయినా తుప్పుపొడిగా రాలిపోతుంది. ఆ పొడే దానికి తిండి.

గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. మొదటి విడత వేసినవి 1,000 పెట్టెలే. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని నిధుల కోసం నేలమాళిగల్లోకి దిగుతారు. తగిలిందా తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి. వాళ్లిద్దరూ అంతకుముందు బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు ఆడినవాళ్లు కాబట్టి, ఎదురొచ్చే శత్రువుకు కూడా బల్ల మీద ఒక బొమ్మ కావాలనిపించింది. దుకాణాల్లో సైనికులు దొరికేవారు కానీ రాక్షసులు ఎక్కడ దొరుకుతారు?

చవక సామాన్ల కొట్లో దొరికారు. హాంకాంగ్‌లో తయారై, చరిత్రపూర్వ జంతువులన్న పేరుతో సంచీల్లో అమ్ముడయ్యే ప్లాస్టిక్ బొమ్మలవి. కొన్ని మామూలు డైనోసార్లే. కొన్ని మాత్రం ఏ కాలంలోనూ ఏ నేల మీదా తిరగనివి. ఒకదానికి తెడ్డు లాంటి తోక, ఇంకొకదానికి ముక్కూ బొచ్చూ కలిసిన ఒళ్లు, మరొకదానికి వీపు మీద గట్టి చిప్ప. జపాన్ టీవీలో 1966లో వచ్చిన అల్ట్రామాన్ రాక్షసుల పోలికలు వీటిలో ఉన్నాయంటారు ఈ బొమ్మల పుట్టుక వెతికినవాళ్లు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఇంజెక్షన్ మౌల్డింగ్ చూసినవారికి ఇందులో వింత ఉండదు. అచ్చు ఒకసారి తయారైతే ఎన్ని బొమ్మలైనా పోయవచ్చు. అందులో ఉన్నది ఏ జంతువన్నది యంత్రానికి పట్టదు.

పేరు లేకపోవడమే ఆ బొమ్మలకు కలిసొచ్చింది. డ్రాగన్ అనగానే ఆడేవాడికి నిప్పు గుర్తొస్తుంది, ముందే జాగ్రత్తపడతాడు. ఈ తెడ్డుతోక జంతువు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? ఏం చేయాలో రూపకర్తే నిర్ణయించాలి. 1975లో వచ్చిన ఆట అనుబంధ పుస్తకం గ్రేహాక్‌లో గుడ్లగూబ తల, ఎలుగు ఒళ్లు ఉన్న ఔల్‌బేర్, దానితోపాటు ఆ తెడ్డుతోక బొమ్మలోంచి పుట్టిన రస్ట్ మాన్‌స్టర్ అడుగుపెట్టాయి. చిప్ప ఉన్న బొమ్మ, ఆట పత్రిక ద డ్రాగన్ సంపాదకుడు టిమ్ కాస్క్ వంతుకు వచ్చింది. 1976లో ఆ పత్రిక మొదటి సంచికలో ఆయన దాన్ని బ్యులెట్‌గా పరిచయం చేశాడు. మట్టిలోపల దూసుకుంటూ వచ్చి పైకి లేస్తుంది. గుర్రాలు దానికి ఇష్టమైన తిండి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది బలం లెక్క కాదు. గుర్రం పోతే ప్రయాణం ఆగుతుంది. కవచం పోతే ఎంత పేరున్న వీరుడైనా ఒంటి చొక్కాతో నిలబడాలి. పెద్ద కత్తి ఉన్నవాడే రస్ట్ మాన్‌స్టర్‌ను చూసి వెనక్కి తగ్గుతాడు, కర్ర పట్టుకున్నవాడు ముందుకొస్తాడు. ఒక్క నియమంతో ఆ గుంపులో ఎవరు ముందుండాలో మారిపోయింది. మంచి శత్రువును అలా కట్టాలి: ఆడేవాడు దేని మీద ఆనుకున్నాడో చూసి, దాన్నే లాగాలి.

ఈ కిటుకు మన కథకులకు ఎప్పుడో తెలుసు. భస్మాసురుడిని గుర్తుంచుకునేది చేతి వల్ల. ఆ చేయి ఎవరి తల మీద పడితే వాళ్లు బూడిదే, ఆ నియమంతోనే వాడి చావు కూడా. రక్తబీజుడితో పోరాటంలో మన దెబ్బే మనకు శత్రువవుతుంది. నేలపడిన ప్రతి చుక్కా మరొకడిని లేపుతుంది. బకాసురుడు ఏకచక్రపురం మీద రోజూ దండెత్తడు. బండెడు అన్నం, రెండు దున్నలు, తోలుకొచ్చే మనిషి తన దగ్గరికి వచ్చేట్టు చేస్తాడు. ఈసారి ఎవరి ఇంటి వంతు అన్న ప్రశ్నే ఊరిని సగం చంపుతుంది. ఆట రాసేవాడికి ఇంతకన్నా సిద్ధంగా ఉన్న సరుకు ఎక్కడ దొరుకుతుంది?

అయినా ఆ ఆటలోకి మన రాక్షసుడు పురాణాల దారిన రాలేదు. కోల్చాక్ అనే అమెరికన్ టీవీ ధారావాహికలో 1974 డిసెంబరులో ఒక భాగం వచ్చింది. అందులోని రాక్షసుడు ఎదుటివాడు నమ్మిన మనిషి రూపంలో దగ్గరికి వస్తాడు. మంత్రించిన బాణంతోనే చస్తాడు. మరుసటి ఏడాది డిసెంబరులో గైగాక్స్ అదే రాక్షసుడిని, అదే మాయతో, అదే బాణంతో ఆటలోకి తెచ్చాడు. 1977లో వచ్చిన ఆట పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్ బొమ్మలో పులితలతో పైపు పీలుస్తూ కూర్చున్నది వాడే. నమ్మకాన్ని లాగేసే ఆ మాయ బలమైనదే, మారీచుడి బంగారులేడి వెంట పరిగెత్తిన కథ విన్నవాళ్లకు కొత్తది కూడా కాదు. నాకు బాధ కలిగించేది మిగతాదంతా వదిలేయడం. ఘటోత్కచుడిలా తండ్రి కోసం యుద్ధానికి వచ్చే రాక్షసుడికి, హిడింబిలా మనసిచ్చి కాపురం చేసిన రాక్షసికి ఆ పేజీలో చోటు లేదు. 2014లో వచ్చిన అయిదో కూర్పులో సైతం మంచివాళ్ల చేతిలోని మంత్రపు ఆయుధం గుచ్చుకుంటే రాక్షసుడికి దెబ్బ రెట్టింపయ్యేది. అప్పటికి నలభై ఏళ్ల కిందటి టీవీ కథలోని బాణం ఆ నియమంలో అలాగే నిలిచింది.