అరికాలి కింద నేల

పానగల్‌లో ఒక్క పూట తిరిగితే చాలు, నాలుగైదు తీర్ల నేల అరికాలికి తగులుతుంది. కందూరు చోడుల నాటి పచ్చల సోమేశ్వరాలయంలో రాతి పరుపు, ఉదయసముద్రం కట్ట మీద తొక్కిడికి బిగిసిన మట్టి, చుట్టూ ఎర్ర చెలకలు, ఊళ్లో సీసీ రోడ్డు, ఊరు దాటితే తారు. తెల్లవారుజామున పరుగుకు బయల్దేరే పిల్లలు వీటిలో దేన్ని ఎంచుకోవాలి? మెత్తటి నేల కాళ్లకు మంచిదని పెద్దలు అంటారు. ఆ మాట నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం తేలడానికి సుమారు నూట యాభై ఏళ్లు పట్టింది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం తెలుగు నేల సరిహద్దు పక్కనే జరిగింది.

నేలకూ పాదానికీ మధ్య ఏం జరుగుతోందో కొలిచి చూడాలన్న తపన 1870లలో ఫ్రాన్స్‌లో మొదలైంది. ఎటియెన్ జూల్ మారే అనే శరీరశాస్త్రవేత్త బూటు అడుగున గాలి నిండిన రబ్బరు గది అమర్చాడు. అడుగు పడగానే నలిగిన గాలి గొట్టం గుండా వెళ్లి, పరుగెత్తే మనిషి చేతిలోని యంత్రం మీద గీత గీసేది. ఎక్స్‌రే కూడా రాని రోజుల్లో ఒక అడుగు తన బరువును తానే రాసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత జర్మనీలో ప్లాస్టర్ సంచి మీద నిలబెట్టి పాదముద్రలు తీశారు. 1930లలో అమెరికాలో హెర్బర్ట్ ఎల్ఫ్‌ట్‌మన్ అద్దం మీద చిన్న చిన్న మొనలున్న రబ్బరు చాప పరిచి, దాని మీద మనిషిని నడిపించి, కింది నుంచి సినిమా తీశాడు. ఎక్కడ బరువు ఎక్కువ పడితే అక్కడ మొనలు ఎక్కువ నలిగాయి. మడమ కింద ఒక తీరు, బొటనవేలి మొదట్లో మరో తీరు.

ఆ చాప ఒక తేడాను కంటికి చూపించింది. బలం వేరు, పీడనం వేరు. అరవై కిలోల మనిషి పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగులో నేల మీద పడే బలం దాదాపు అతని బరువుకు రెండున్నర రెట్లు, అంటే నూట యాభై కిలోల బరువంత. ఆ బలమంతా అరికాలంతటా పరుచుకుంటే ఒక లెక్క. రూపాయి బిళ్లంత చోట దిగితే వేరే లెక్క. కాలికి పుండు పెట్టేది ఈ రెండో లెక్కే.

ఆ విషయాన్ని వెల్లూరులో పాల్ బ్రాండ్ చూసినంత దగ్గరగా చూసినవారు తక్కువ. తమిళనాడు కొల్లిమలలో 1914లో పుట్టిన ఈ శస్త్రవైద్యుడు 1946లో క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. వెల్లూరు చిత్తూరుకు దగ్గరే. సీమ నుంచి, కోస్తా నుంచి, తెలంగాణ నుంచి తెలుగు రోగులు ఈనాటికీ అక్కడికి వెళ్తూనే ఉన్నారు. కుష్ఠు రోగుల అరికాళ్లలో మానని పుండ్లకు రోగమే కారణమని, మాంసమే కుళ్లిపోతోందని అప్పట్లో నమ్మేవారు. బ్రాండ్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాడు. మాంసం మామూలు మాంసమేననీ, పోయింది స్పర్శేననీ చూపించాడు. మామూలు మనిషి పది కిలోమీటర్లు నడిస్తే మడమ మండగానే తెలియకుండానే అడుగు మారుస్తాడు, బరువును కాస్త పక్కకు తోస్తాడు, కొంచెం కుంటుతాడు. నొప్పి తెలియని కాలు అలా మార్చదు. ఒకే చోట, ఒకే తీరున, వేల సార్లు నేలకు తగులుతుంది. పెద్ద దెబ్బ ఒక్కటీ తగలకపోయినా, మామూలు ఒత్తిడే తెరిపి లేకుండా పడితే చర్మం లోపల వాచి చిట్లుతుంది.

ఆయన 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక ఎలుకల పాదాల మీద ఇదే విషయాన్ని పరీక్షించాడు. రోజూ వేలసార్లు మోతాదైన ఒత్తిడి పెడితే కొద్ది రోజుల్లో పుండు పడింది. ఒత్తిడి పెట్టే సార్లను కాస్త తగ్గించి, మధ్యలో విశ్రాంతి ఇస్తే పుండు పడలేదు సరికదా చర్మం దళసరెక్కింది. బీడులో ఉత్త కాళ్లతో తిరిగే పశువుల కాపరి అరికాలు చెప్పే కథ కూడా ఇదే. భారతదేశంలో కుష్ఠు, మధుమేహ రోగులకు ఇచ్చే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పుల వెనక ఉన్నది ఈ ఆలోచనే. మెత్తటి రబ్బరు అరికాలి వంపులోకి ఒదిగి, బరువు పడే చోటును పెద్దది చేస్తుంది. పరుగుల శాస్త్రం తాను వెల్లూరుకు పడిన రుణాన్ని తగినంతగా తలుచుకోలేదు.

ఆటల మైదానాల్లో ఈ చర్చ చాలాకాలం వేరే దారిలో నడిచింది. 1950ల మొదట్లో సైన్యంలో చేరిన మిల్కా సింగ్ సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లోనే పరుగుకు పరిచయమయ్యాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్లలో ఆయన నాలుగో స్థానంలో నిలిచింది సిండర్ ట్రాక్ మీద, అంటే బొగ్గు మండగా మిగిలిన చిట్టెం పరిచి రోలర్‌తో తొక్కిన నేల మీద. అవే ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా రోమ్ వీధుల్లో ఉత్త కాళ్లతో మారథాన్ పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. గట్టి నేల కాలిని చెడగొడుతుందన్న మాట ఒక్కటే నిజమైతే, ఆ రాత్రి బికిలా గెలుపుకు అర్థం చెప్పలేం.

ఎనిమిదేళ్ల తర్వాత మెక్సికో ఒలింపిక్స్‌లో పాలీయురెథేన్‌తో చేసిన టార్టాన్ ట్రాక్ వచ్చి చిట్టెం శకాన్ని ముగించింది. వాన పడినా బురద కాని, ప్రతి లేన్‌లోనూ ఒకే గట్టిదనం ఉండే నేల అది. అయితే ఎంత మెత్తగా ఉండాలన్న ప్రశ్నకు మొదట లెక్కగట్టినవారు హార్వర్డ్‌కు చెందిన థామస్ మెక్‌మాన్, పీటర్ గ్రీన్. మనిషి కాలును స్ప్రింగులా భావించి, ఆ స్ప్రింగుకు సరిపోయే మెత్తదనంతో 1977లో ఒక ఇండోర్ ట్రాక్ కట్టించారు. మరీ మెత్తనైతే పరుగు మందగిస్తుంది, మరీ గట్టిదైనా కొంత నష్టమే, రెండింటి నడుమ ఒక చోట వేగం పెరుగుతుందని వారి లెక్క. అక్కడి విద్యార్థుల వేగం రెండు మూడు శాతం పెరిగింది, గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. కాంక్రీటుతో పోలిస్తే ట్రాక్ 35 నుంచి 50 శాతం దెబ్బను మింగాలని నేడు ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య నియమం.

అలాంటి సింథటిక్ ట్రాక్ ఉన్న హైదరాబాద్ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదికైంది. వరంగల్ జిల్లా కల్లెడలో పుట్టి, హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొంది, 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తి లాంటి పిల్లలకు సింథటిక్ ట్రాక్ అంటే ఒక కొత్త నేలతో పరిచయం.

కొత్త నేల మీదికి వెళ్లిన కాలు ఏం చేస్తుంది? 1998లో అమెరికాలో డేనియల్ ఫెరిస్, క్లైర్ ఫార్లీ బృందం ఇచ్చిన జవాబు ఈ చరిత్రలో పెద్ద మలుపు. నేల మెత్తబడితే మనిషి కాలిని బిగిస్తాడు, నేల గట్టిపడితే మోకాలు, చీలమండ కాస్త సడలిస్తాడు. ఫలితంగా నడుము ఎగిరి దిగే తీరు దాదాపు మారదు. మెత్తటి నేల మీది నుంచి గట్టి నేల మీదికి మారేటప్పుడు ఈ సర్దుబాటు మొదటి అడుగులోనే జరుగుతుందని మరుసటి ఏడు వాళ్లే చూపించారు. బికిలా కాళ్లకు తెలిసిన విద్య ఇదే కావచ్చు.

2000లో బ్రిటన్‌లో షారన్ డిక్సన్ బృందం మామూలు తారు, రబ్బరు కలిపిన తారు, అక్రిలిక్ నేలల మీద కొలిస్తే, మొదటి దెబ్బ బలం సగటున పెద్దగా మారలేదు. దాంతో నేల ఏదైనా ఒకటేనన్న వాదం వచ్చింది. 2012లో బ్రెజిల్‌లో 47 మందిని తారు, కాంక్రీటు, రబ్బరు, పచ్చిక మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించి బూటు లోపల పీడనం కొలిచారు. మిగతా నేలలతో పోలిస్తే పచ్చిక మీద మడమ వైపు గరిష్ఠ పీడనం 9 నుంచి 17 శాతం, ముందరి పాదం కింద 5 నుంచి 12 శాతం తక్కువగా తేలింది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మొదటివారు కొలిచింది బలం, రెండోవారు కొలిచింది పీడనం. పచ్చిక, దాని కింది మట్టి పాదం అచ్చును తీసుకుని బరువును పరుస్తాయి. తారు ఆ పని చేయదు. వెల్లూరు చెప్పు, బ్రెజిల్ పచ్చిక చెప్పేది ఒకటే.

అయితే "మట్టి" అన్న ఒక్క మాటతో పానగల్ నేలను తేల్చేయలేం. తెలంగాణ ఎర్ర చెలక వాన పడి ఆరితే పైన పెచ్చు కడుతుంది. ఏప్రిల్‌లో దాని మీద పరుగెత్తితే రాతికి పెద్ద తేడా తెలియదు. తొలకరి తర్వాత అదే చెలక కాలిని ఒదిగించుకుంటుంది. మొరంలో గులకరాళ్లుంటే, నేల మొత్తం మెత్తగానే ఉన్నా రాయి గుచ్చిన చోట పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇక దుబ్బలో పరుగు అరికాలికి హాయిగా ఉన్నా పిక్కలకు భారం. ఇసుకలో పరుగెత్తడానికి గట్టి నేల కన్నా 1.6 రెట్లు శక్తి కావాలని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచారు.

ఈ సంగతులు నల్లగొండ పిల్లలకు ఇప్పుడు ఎందుకు ముఖ్యమో పోలీసు నియామకాల చరిత్ర చెబుతుంది. 2018లో కానిస్టేబుల్ పరీక్షకు మగపిల్లలు 800 మీటర్లు, ఆడపిల్లలు 100 మీటర్లు పరుగెత్తితే చాలు. 2022 నోటిఫికేషన్‌తో అది మగపిల్లలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు; ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు అయింది. 1600 మీటర్లంటే సుమారు 1200 అడుగులు, ఒక్కో కాలికి ఆరు వందలు. ఆడపిల్లలకు దూరం ఎనిమిది రెట్లయింది. నోటిఫికేషన్ వచ్చాక, అప్పటిదాకా పొలం పనికో పుస్తకానికో అలవాటు పడిన కాలు ఒక్క వారంలో సీసీ రోడ్డు మీద రోజుకు మూడు నాలుగు కిలోమీటర్లు తిరుగుతుంది. కాలిని అడుగు అడుగుకూ సడలించగల ఒంటికి ఎముకను, చర్మాన్ని వారంలో గట్టిపరచుకునే శక్తి లేదు. ముంగాలి ఎముక నొప్పి, మడమ పోటు మొదలయ్యేది అక్కడే. రోడ్డు మీద పరుగు తప్పు కాదు. దానికి అలవాటు పడే వ్యవధి లేకపోవడమే తప్పు.

2022లోనే తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. కోర్టులకు, ఆట పరికరాలకు ఇచ్చినంత శ్రద్ధ పరుగు దారికీ ఇవ్వాలి. దానికి ఖర్చు పెద్దగా లేదు. ఎకరం చదరపు స్థలం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. మూలలు గుండ్రంగా తిప్పినా 230 మీటర్లు మిగులుతుంది. దాని అంచున రాళ్లు ఏరి, చెరువు మట్టి పరిచి, గరిక పెంచి, ఎండాకాలం పొద్దుగూకాక నీళ్లు చల్లితే ఏడు చుట్లకు 1600 మీటర్లు పూర్తవుతాయి.