లంకమల బీడులో కలివికోడి

జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి పేరు వినని ఇల్లు మా పక్క లేదు. పులివెందుల, ప్రొద్దుటూరు పల్లెల నుంచి రోగులను ఎడ్లబండ్ల మీద పడుకోబెట్టుకొని అక్కడికి వచ్చేవాళ్లని మా ఇంట్లో పెద్దలు చెప్పేవాళ్లు. ఆ పేరు లండన్ మిషన్ డాక్టరు టి.వి. క్యాంబెల్‌ది. ఆయన సోదరుడు విలియం హోవర్డ్ క్యాంబెల్ కూడా కడప జిల్లాలోనే మిషన్ పని చేశాడు. ఆయనకు సీతాకోకచిలుకలన్నా పక్షులన్నా ప్రాణం. 1900లో అనంతపురం దగ్గర ఆయన కంటపడిన ఒక పక్షి, ఆ తరువాత 86 ఏళ్లు పక్షిశాస్త్రజ్ఞులెవరికీ చిక్కలేదు. అదే కలివికోడి. ఆసుపత్రి కథ మా ఊళ్లో అందరికీ తెలుసు. పక్షి కథ కూడా అంతగా తెలియాలని నా కోరిక.

దాన్ని మొదట లోకానికి చూపింది థామస్ జెర్డన్. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన మనిషి. నెల్లూరు, కడప కొండల వైపు దొరికిన ఈ పక్షిని 1848లో శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో అది జెర్డన్స్ కోర్సర్. తరువాత గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం దగ్గర బ్లాన్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు చూశాడు. ఆపైన క్యాంబెల్. ఆ తరువాత తూర్పు కనుమలంతా గాలించిన బృందాలు ఉత్త చేతులతో వెనక్కి పోయాయి. ఇక అది లేదనే అనుకున్నారు.

లేకపోవడం కాదు, వెతికిన వేళ తప్పు. కలివికోడి పగలు పొద కింద కదలక కూర్చుంటుంది. చీకటి పడ్డాకే చెదలు, చీమలు ఏరుకోవడానికి బయటికొస్తుంది. జానెడు మీద కాస్త పొడవు, 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద రెండు పట్టీలు, రాత్రిని చూసే పెద్ద కళ్లు. మట్టి రంగులో కలిసిపోయే ఆ ఒంటిని పట్టపగలు దుర్బిణీతో వెతికితే ఎట్ల దొరుకుతుంది?

రాత్రిపూట బీడులో తిరిగే వాళ్లకు మాత్రం అది ఎప్పుడూ తెలుసు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఆ సంగతి గ్రహించాడు. అడవి పల్లెల్లో వేటగాళ్లను అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు రాత్రి దీపం వెలుగులో ఒక పక్షిని ప్రాణంతో పట్టుకొచ్చాడు. కొద్ది రోజులకే ఆ పక్షి చచ్చిపోయింది. కానీ కలివికోడి ఉన్నదని ఋజువైంది. శాస్త్రం 86 ఏళ్లు వెతికినదాన్ని ఒక వేటగాడు చూపాడని గర్వంగా చెప్పుకోవలసిన జిల్లా మాది.

రెండేళ్లలో, 1988లో, ఆ పక్షి కోసం లంకమల కొండల్లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. ఆ యేడే తపాలా శాఖ కలివికోడి బొమ్మతో రూపాయి తపాలా బిళ్ళ వేసింది. నేను ఆ పక్షిని మొదట చూసింది దాని మీదే. బడిలో పిల్లలకు చూపించి, ఇది మన పెన్న ఒడ్డు పక్షిరా అని చెప్పినాను.

పెన్న గండికోట, మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి, పులివెందుల వైపు నుంచి వచ్చే పాపఘ్నిని కలుపుకొని, లంకమల కొండలను ఒరుసుకుంటూ సోమశిలకు పోతుంది. ఆ కొండల పాదాల దగ్గర దట్టమైన అడవీ కాదు, చదును మైదానమూ కాదు, మధ్యస్తంగా కలివి, రేగు, చండ్ర పొదలూ వాటి నడుమ ఖాళీ నేలా ఉంటాయి. కలివికోడికి కావలసింది సరిగ్గా అదే. పొదలు ముసురుకున్నా నిలవదు, పూర్తిగా కొట్టేసినా నిలవదు. మితంగా మేసే మేకలు, కట్టెలు కొట్టే మనుషులు ఆ ఖాళీని కొంత కాపాడుతూ వచ్చారు. రెవెన్యూ లెక్కలో మాత్రం అది బంజరు. దున్ని నిమ్మతోట పెడితే తప్ప విలువ లేని నేల.

అక్కడికి నీళ్లొచ్చాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కాలంలో మొదలైన తెలుగుగంగ, శ్రీశైలం కృష్ణ నీళ్లను వెలుగోడు, బ్రహ్మంగారిమఠం మీదుగా సోమశిలకూ, కండలేరుకూ, మద్రాసుకూ తీసుకుపోయే పథకం. సోమశిల జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్లు అభయారణ్యం అంచులకు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. నీళ్లొద్దని ఈ సీమలో ఎవరూ అనలేరు, నేనూ అనను. బోరు ఎండితే ఇల్లు ఎట్లా ఏడుస్తుందో చూసినవాణ్ణి. కానీ 2005లో కాలువ తవ్వే యంత్రాలు కలివికోడి తిరిగే చోటికే వచ్చేశాయి. ఆ పక్షి కోసం అక్కడ కాచుకొని ఉన్న పరిశోధకులు చూసి అటవీశాఖకు చెప్పారు. పని ఆగింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వ్యవహారం పోయింది. చివరికి కాలువ దారి మార్చారు. ఒక పక్షి కోసం కాలువ వంకర తిరిగిందని కొందరు ఎద్దేవా చేశారు. నా దృష్టిలో మన రాష్ట్రం చేసిన మంచి పనుల్లో అదొకటి. నీళ్లూ వచ్చాయి, నేలా మిగిలింది.

ఆ పరిశోధకుల ఓర్పు చెప్పుకోదగ్గది. పొదల మధ్య మట్టిని జల్లెడ పట్టి పరిచి, పొద్దున్నే పాదముద్రల కోసం చూసేవాళ్లు. తమిళనాడుకు చెందిన పి. జగన్నాథన్ ఏళ్ల తరబడి ఆ పని చేశాడు. చీకటి పడిన కాసేపటికి, కొద్ది నిమిషాలు మాత్రమే కూస్తుందని తెలుసుకొని ఆ కూతను వినే పద్ధతి కుదుర్చుకున్నారు. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు కూడా బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించినది. అది కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్షతో తేల్చి 2013లో ప్రకటించారు.

పక్షి మాత్రం చాలా ఏళ్లు ఎవరికీ కనపడలేదు, వినపడలేదు. 2025 ఆగస్టులో పక్షి ప్రియుల బృందమొకటి కడప జిల్లాలో మళ్లీ దాని కూతను రికార్డు చేసింది. ఉన్నది. ఎన్ని ఉన్నాయన్నదే భయం. అంతర్జాతీయ జాబితాలో అది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పక్షి.

బద్వేలు, సిద్ధవటం, మైదుకూరు వైపు పొలాలున్న రైతులకు, గొర్రెలూ మేకలూ తోలే అన్నలకు నాదొక మనవి. మీ గట్టు పక్క కలివి పొదల బీడును మొత్తంగా చదును చేసేముందు ఒక్కసారి ఆగండి. చీకటి పడ్డాక రెండు స్వరాల కూత వినపడితే దీపం పట్టుకొని వెంటపడకండి, వల వేయకండి. ఆ చోటు గుర్తుపెట్టుకొని అటవీశాఖ వాళ్లకు చెప్పండి.